గుడ్‌ల్యాండ్ – ప్రెయిరీ చలికి నిలిచిన ఆపిల్

గుడ్‌ల్యాండ్ కెనడా దేశపు ఆపిల్ రకం. మానిటోబా రాష్ట్రంలో మోర్డెన్ అనే చిన్న పట్టణం ఉంది. అక్కడి ప్రభుత్వ వ్యవసాయ పరిశోధనా క్షేత్రం 1955లో ఈ రకాన్ని విడుదల చేసింది. పండు మధ్యరకం కన్నా కాస్త పెద్దది, అడ్డంగా కొలిస్తే ఆరేడు సెంటీమీటర్లు ఉంటుంది. తొక్క లేత ఆకుపచ్చ కలిసిన మీగడ రంగులో ఉండి, ఎండ తగిలిన వైపు ఎర్రబడుతుంది. కొరికితే కరకరలాడుతుంది. నోటినిండా రసం, తీపీ పులుపూ రెండూ తెలిసే రుచి, మంచి వాసన. ఇంతవరకే చెబితే ఇలాంటి ఆపిళ్లు లోకంలో చాలానే ఉన్నాయనిపిస్తుంది. ఈ చెట్టు ఎక్కడ నిలబడి కాస్తుందో తెలిస్తేనే దాని గొప్పతనం తెలుస్తుంది. అక్కడ శీతకాలంలో చలి మైనస్ 40 డిగ్రీల దాకా దిగుతుంది. ఏడాదిలో మూడు నాలుగు నెలలు మాత్రమే మంచు పడని రోజులు. పంతొమ్మిదో శతాబ్దం చివర్లో, ఆ నేల మీద కోసి తినదగ్గ ఆపిల్ పండుతుందని చెబితే అక్కడి రైతుల్లోనే నమ్మేవాళ్లు కొద్దిమంది.

ప్రెయిరీ అంటే ఉత్తర అమెరికా నడిబొడ్డున పరుచుకున్న గడ్డి మైదానం. కెనడాలో మానిటోబా, సస్కాచివాన్, ఆల్బర్టా రాష్ట్రాల దక్షిణ భాగాలు దీని కిందికి వస్తాయి. సరిహద్దు దాటితే అమెరికాలోని రెండు డకోటాలు, మిన్నెసోటా పడమటి భాగం ఇదే మైదానం. సముద్రం చాలా దూరం. ఉత్తర ధ్రువం వైపు నుంచి వచ్చే గాలిని ఆపడానికి మధ్యలో ఒక్క పర్వతమూ అడ్డం లేదు. అందుకే చలీ ఎండా రెండూ తీవ్రమే. సస్కాచివాన్ రాజధాని రెజైనాలో 1885 జనవరి 1న మైనస్ 50 డిగ్రీలు నమోదైంది. అదే రాష్ట్రంలోని యెల్లో గ్రాస్ అనే ఊళ్లో 1937 జులై 5న ఎండ 45 డిగ్రీలకు చేరింది. వానా అంతంతమాత్రమే. ఆ రాష్ట్రంలోనే ఉన్న సస్కాటూన్ నగరం చుట్టుపక్కల ఏడాది మొత్తానికి పడే వాన, మంచు కలిపి లెక్కేసినా మన అనంతపురం వర్షపాతం కన్నా తక్కువే.

ఈ నేలలో గోధుమ బ్రహ్మాండంగా పండుతుంది. గోధుమను వసంతంలో చల్లి, చలి ముదిరేలోగా కోసేస్తారు కనుక దానికి శీతకాలంతో పని పడదు. చెట్టుకు ఆ వెసులుబాటు లేదు. నాటిన చోటే ఏటేటా చలికాలమంతా నిలబడాలి. ఇరవై ఏళ్లు బాగా బతికి, ఇరవై ఒకటో ఏట ఒక్క చెడ్డ శీతకాలం వస్తే అదే ఆఖరు కావచ్చు. చలికి ఓర్చే పండ్ల చెట్టును తయారుచేయడం చలికి ఓర్చే పైరును తయారుచేయడం కన్నా ఎంతో కష్టం కావడానికి మూలం ఇదే.

చలి చెట్టును చంపే తీరు ఒకటి కాదు. మొదటి ప్రమాదం శీతకాలం రాకముందే మొదలవుతుంది. వేసవి చివర పగళ్లు కురచ కావడం మొదలుకాగానే ఆపిల్ చెట్టు దాన్ని గుర్తించి ఎదుగుదల ఆపుకోవాలి. కొమ్మ చివర మొగ్గ గట్టిపడాలి. ఆ ఏడు వేసిన పచ్చి కొమ్మ ముదిరి కలప కావాలి. కణాల్లోని పిండిపదార్థం చక్కెరగా మారాలి. ఆ తర్వాత వచ్చే తొలి మంచులు చెట్టును ఇంకొంచెం, ఇంకొంచెం చలికి అలవాటు చేస్తాయి. ఇంగ్లండ్ నుంచో, అట్లాంటిక్ తీరం నుంచో వచ్చిన రకాలు అక్టోబరు దాకా తీరిగ్గా ఎదగడానికి అలవాటుపడ్డవి. ప్రెయిరీలో సెప్టెంబరులోనే గడ్డకట్టించే చలి వస్తే వాటి కొమ్మలు ఇంకా పచ్చిగానే ఉంటాయి. అలాంటి చెట్టును చంపడానికి మైనస్ 40 అక్కర్లేదు.

రెండోది నడి శీతకాలపు చలి. నీరు సున్నా డిగ్రీల దగ్గర గడ్డకడుతుందని బడిలో చదువుకుంటాం. ఆపిల్ చెట్టు కలపలో ఉండే జీవకణాల్లోని నీరు మాత్రం సున్నాకు ఎంతో దిగువకు వెళ్లినా ద్రవంగానే ఉండగలదు. మంచు పలుకు కట్టడానికి మొదట ఏదో ఒక నలుసు ఆధారంగా దొరకాలి, ఆ కణాల్లో అది దొరకదు. కానీ ఈ ఉపాయానికి ఒక హద్దుంది. మైనస్ 40 డిగ్రీల చుట్టుపక్కలకు చేరేసరికి ఏ ఆధారమూ లేకుండానే నీరు ఒక్కసారిగా గడ్డకడుతుంది. దాంతో కణం చనిపోతుంది. 1972లో క్వామ్, స్టష్నాఫ్, వీజర్ అనే శాస్త్రజ్ఞులు ఆపిల్ కొమ్మలను ప్రయోగశాలలో కొద్దికొద్దిగా చల్లబరుస్తూ, నీరు గడ్డకట్టే క్షణాన వెలువడే చిరువేడిని కొలిచి ఈ సంగతి నిరూపించారు. మంచి ఓర్పున్న ఆపిల్‌కు కూడా మైనస్ 40 ప్రాంతమే గండం కావడం వెనక ఉన్న భౌతికశాస్త్రం ఇదే. ఈ దెబ్బ తిన్న కొమ్మను అడ్డంగా కోసి చూస్తే బెరడు కింద సన్నని పొర పచ్చగా, ప్రాణంతో ఉంటుంది. లోపలి కలప మాత్రం గోధుమరంగుకో నలుపుకో తిరిగి ఉంటుంది. చెట్టు వెంటనే చావదు, చిగురిస్తుంది, పూస్తుంది కూడా. కానీ లోపల నల్లబడ్డ కలప నీటిని సరిగా మోయలేదు. కొన్నేళ్లలో ఏ కాపు బరువుకో, ఏ గాలివానకో విరిగి పడిపోతుంది.

మూడోది ఎండ వల్ల వచ్చే చలిదెబ్బ. వినడానికి వింతగా ఉన్నా ప్రెయిరీ తోటల్లో ఇది నిత్యం కనబడేదే. ఫిబ్రవరి, మార్చి నెలల్లో మధ్యాహ్నపు సూర్యుడు నైరుతి దిక్కున కిందుగా ఉంటాడు. నేల మీది తెల్లని మంచు నుంచి వెలుగు మళ్లీ పైకి కొడుతుంది. ఆ వైపు బెరడు వేడెక్కి, అక్కడి కణాలు చలికి ఓర్చే గుణాన్ని వదులుకుంటాయి. పొద్దు వాలగానే ఉష్ణోగ్రత పాతిక ముప్పై డిగ్రీలు పడిపోతుంది. నైరుతి వైపు బెరడు నిలువునా చచ్చి, వసంతంలో పెచ్చులుగా ఊడుతుంది. దక్షిణ ఆల్బర్టాలో రాకీ పర్వతాల మీదుగా దిగే చినూక్ అనే వెచ్చని గాలులు ఈ కష్టాన్ని రెట్టింపు చేస్తాయి. నడి జనవరిలో కొన్ని గంటల్లోనే ఇరవై డిగ్రీలు పెంచి, వసంతం వచ్చిందని చెట్టును నమ్మిస్తాయి.

నాలుగోది పూతకాలపు మంచు. పూర్తిగా విచ్చిన ఆపిల్ పువ్వుల్లో పదింటికి ఒకటి మైనస్ 2 డిగ్రీల దగ్గరే మాడిపోతుంది. మైనస్ 4 వస్తే పదింటికి తొమ్మిది పోతాయి. మే చివర్లో, ఒక్కోసారి జూన్ మొదట్లో కూడా ప్రెయిరీలో ఇలాంటి రాత్రులు వస్తాయి. ఈ గండాలన్నీ దాటినా చివరికి రుతువు నిడివి సరిపోవాలి. అక్టోబరు ఆఖరుకు పండే రకం అక్కడ ఎంత బలంగా బతికినా దానివల్ల ప్రయోజనం లేదు, కాయలు చెట్టు మీదే గడ్డకట్టిపోతాయి. కెనడా ప్రభుత్వం మొక్కల ఓర్పును బట్టి దేశాన్ని మండలాలుగా విడగొట్టినప్పుడు కనిష్ఠ ఉష్ణోగ్రత ఒక్కదాన్నే లెక్కలోకి తీసుకోలేదు. మంచు పడని రోజులు, వర్షం, మంచు మందం, గాలి వేగం వంటివన్నీ కలిపి చూసింది. గుడ్‌ల్యాండ్ ఆ లెక్కలో మూడో మండలానికి తగిన రకం. అంతకన్నా చల్లనైన రెండో మండలంలో బతికిన చెట్లు ఉన్నా, అక్కడ దాన్ని నాటడం సాహసమే.

తెలుగునాట ఆపిల్ సమస్య దీనికి సరిగ్గా ఎదురుది. ఆపిల్‌కు చలి శత్రువే కాదు, అవసరం కూడా. మామూలు రకాలకు శీతకాలంలో 7 డిగ్రీలకు దిగువన వెయ్యి గంటల దాకా గడిస్తేనే వసంతంలో మొగ్గలు సరిగ్గా విచ్చుతాయి. ఆ చలి మన మైదానాల్లో దొరకదు. హిమాచల్ ప్రదేశ్‌లోని బిలాస్‌పూర్ జిల్లాలో పుట్టిన హెచ్‌ఆర్‌ఎమ్‌ఎన్-99 వంటి తక్కువ చలితో కాసే రకాలను తెలంగాణలోని కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లాలో కాయించారు. ఒకే చెట్టును వేడి వైపుకు ఒకరు, చలి వైపుకు ఇంకొకరు దాని హద్దులు దాటించి లాగుతున్నారన్నమాట. గుడ్‌ల్యాండ్ వెనక ఉన్న ప్రయత్నం ఈ రెండో దిక్కుది, దాదాపు వందేళ్లు సాగినది.

ఆ ప్రయత్నం ఓటములతో మొదలైంది. ఒంటారియో నుంచి, న్యూయార్క్ నుంచి వలస వచ్చిన రైతులు తాము చిన్నప్పటి నుంచి తిన్న రకాలనే తెచ్చి నాటారు. ఒకటి రెండేళ్లలో అవన్నీ చచ్చిపోయాయి. 1853లో మిన్నెసోటాకు వచ్చి మిన్నెటొంకా సరస్సు ఒడ్డున స్థిరపడ్డ పీటర్ గిడియన్ ఏళ్ల తరబడి చెట్లు నాటాడు, ఏళ్ల తరబడి పోగొట్టుకున్నాడు. చేతిలో మిగిలిన చివరి 8 డాలర్లతో చలికి బట్టలు కొనుక్కోకుండా, మెయిన్ రాష్ట్రంలోని బాంగోర్ నుంచి ఆపిల్ గింజలు తెప్పించుకున్నాడని ఆ ప్రాంతపు తోటల చరిత్ర చెబుతుంది. ఆ గింజల్లో ఒకటి చెట్టయింది. దాని పండుకు తన భార్య పేరు వెల్తీ అని పెట్టాడు. ఉత్తరాది ఆపిళ్లలో ఎన్నింటికో ఈ వెల్తీయే మూలం. మానిటోబాలో అలెగ్జాండర్ స్టీవెన్‌సన్ అనే స్కాట్లండ్ రైతు 1870ల్లో మోర్డెన్ సమీపంలో స్థిరపడి, ఓర్పుతో రకం తరవాత రకం నాటుతూ పోయాడు. చివరికి అమ్ముకునేంత కాపు తీసిన తోటను ఆ రాష్ట్రంలో మొదటిసారి నిలబెట్టాడు. ఈ ఇద్దరూ విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు కారు. చచ్చిన చెట్టు స్థానంలో ఇంకొకటి నాటే మొండితనమే వాళ్లకున్న ప్రయోగశాల.

స్టీవెన్‌సన్ తోటలో నిలిచినవి ఎక్కువగా రష్యా రకాలు. మాస్కో చుట్టుపక్కల, వోల్గా నది పొడవునా చలి ప్రెయిరీకి దగ్గరగా ఉంటుంది. అక్కడి రైతులు వందల ఏళ్లుగా ఆపిల్ పండిస్తూనే ఉన్నారు. అమెరికా వ్యవసాయశాఖ 1870లో సెయింట్ పీటర్స్‌బర్గ్ నుంచి రెండు వందల యాభై వరకు రకాల అంటు కొమ్మలు తెప్పించింది. 1872-73 శీతకాలం మిన్నెసోటా, విస్కాన్సిన్, అయోవా తోటలను తుడిచిపెట్టేసింది. అప్పుడు చావకుండా నిలిచిన కొద్ది రకాల్లో డచెస్ ఆఫ్ ఓల్డెన్‌బర్గ్ ఒకటి. ఇదీ రష్యాదే. పంతొమ్మిదో శతాబ్దం మొదట్లో ఇంగ్లండ్ చేరి, 1830ల్లో అమెరికా వచ్చింది. అది నిలవడం చూశాక రష్యా మీద ఆశ పెరిగింది. 1882లో అయోవా వ్యవసాయ కళాశాల ఆచార్యుడు జోసెఫ్ బడ్, క్విబెక్‌కు చెందిన చార్లెస్ గిబ్ కలిసి రష్యా అంతా తిరిగి రకాలు సేకరించి తెచ్చారు. అయితే రష్యా రకాలు ఆశించినంత పేరు తెచ్చుకోలేదు. చాలావాటికి పులుపెక్కువ, నిల్వ తక్కువ, కాయ పండీపండకుండానే రాలిపోయేది. చలికి ఓర్చే రక్తం మాత్రం వాటిలో ఉంది. ఆ రక్తాన్ని మంచి రుచితో ఎలా కలపాలన్నదే మిగిలిన ప్రశ్న.

దానికి రెండు దారులు కనబడ్డాయి. మొదటి దారిని కెనడా ప్రయోగాత్మక వ్యవసాయ క్షేత్రాల తొలి సంచాలకుడు విలియం సాండర్స్ పట్టాడు. 1886లో పార్లమెంటు చట్టంతో ఏర్పడిన ఐదు క్షేత్రాల్లో రెండు ప్రెయిరీలోనే ఉన్నాయి, ఒకటి బ్రాండన్‌లో, ఇంకొకటి ఇండియన్ హెడ్‌లో. సాండర్స్ 1887లో సెయింట్ పీటర్స్‌బర్గ్ ఉద్యానం నుంచి సైబీరియా అడవి ఆపిల్ గింజలు తెప్పించాడు. దాని కాయలు రేగుపండు కన్నా చిన్నవి. చలిని మాత్రం అది అసలు లెక్కచేయదు. ఆ చెట్ల పూలకు 1894 నుంచి పెద్ద ఆపిళ్ల పుప్పొడి అద్దించాడు. అలా పుట్టిన ఆస్మన్, కొలంబియా వంటి సంకర రకాలు ఇండియన్ హెడ్ చలిలో ఏ ఇబ్బందీ లేకుండా పెరిగాయి. కానీ కాయ చిన్నది, వగరు, ఎక్కువగా జెల్లీకి పనికొచ్చేది. చిన్న కాయ గుణం అంత మొండిది. రెండో తరంలో, 1904 నుంచి మళ్లీ పెద్ద ఆపిళ్లతో కలిపితే కాయ పెరిగింది, ఓర్పు కొంత తగ్గింది. ఈ పద్ధతిలో మంచి పండు రావాలంటే కనీసం మూడు నాలుగు తరాలు పడుతుంది. ఆపిల్‌లో ఒక తరమంటే గింజ నాటిన దగ్గర్నుంచి కాయ చూసేదాకా ఐదు నుంచి పదేళ్లు. సాండర్స్ ఆ దారి చివర చూడకుండానే 1914లో కన్నుమూశాడు. ఆయన చేసింది వృథా కాలేదు, తర్వాతి ప్రెయిరీ రకాల్లో చాలావాటి పూర్వీకులు ఆ సైబీరియా చెట్లే.

గుడ్‌ల్యాండ్ రెండో దారిలో పుట్టింది. సైబీరియా అడవి చెట్టు జోలికి పోకుండా, మొదటినుంచీ పెద్ద కాయలున్న రష్యా రకాల సంతతిలోనే ఓర్పు ఎక్కువగా ఉన్నవాటిని వెతకడం ఈ దారి. అయోవాలోని చార్లెస్ సిటీలో చార్లెస్ పాటెన్ అనే తోటమాలి 1869 ప్రాంతంలో డచెస్ ఆఫ్ ఓల్డెన్‌బర్గ్ పండు గింజలు నాటి, వాటిలోంచి పెద్ద ఆకుపచ్చ కాయలు కాసే ఒక చెట్టును ఎంచుకున్నాడు. అదే పాటెన్ గ్రీనింగ్. వంటకు మంచిది, ఓర్పు బాగా ఉంది. మోర్డెన్ శాస్త్రజ్ఞులు ఈ పాటెన్ గ్రీనింగ్ పండ్ల గింజలు తీసి మొలకెత్తించారు. ఆ పువ్వులకు ఎవరూ చేత్తో పుప్పొడి అద్దలేదు, ఆ పని తేనెటీగలు చేశాయి. కాబట్టి గుడ్‌ల్యాండ్ తల్లి ఎవరో రికార్డులో ఉంది, తండ్రి పేరు లేదు.

ఇలా తండ్రి తెలియని గింజల మీద అంత నమ్మకం ఎందుకంటే, ఆపిల్ సాధారణంగా తన పుప్పొడితో తాను కాయ కట్టదు. దాదాపు ప్రతి గింజా ఇంకో రకంతో జరిగిన సంకరమే. ఒకే పండులోని ఐదు గింజలు నాటితే ఐదు వేర్వేరు చెట్లు వస్తాయి. వాటిలో తల్లిని పోలినది ఒక్కటీ ఉండకపోవచ్చు. కొత్త రకం కావాలనుకునేవాడికి ఇదే పెద్ద ఆస్తి. మోర్డెన్ క్షేత్రం 1915లో మొదలైంది. 1921 నుంచి 1950ల నడుమ దాకా దాని అధిపతిగా ఉన్న విలియం లెస్లీ హయాంలో ఆపిల్ మొలకలను పెద్ద సంఖ్యలో పెంచారు. వరసల్లో నాటిన ఈ మొలకలను చలి నుంచి కాపాడే ప్రయత్నం చేయరు. కప్పరు, చుట్టరు. మొదటి రెండు మూడు శీతకాలాల్లోనే చాలా భాగం పోతాయి. మిగిలినవి ఆరేడేళ్లకు తొలికాపు చూపిస్తాయి. అప్పుడు మనిషి ఎంపిక మొదలవుతుంది. కాయ చిన్నదైతే తీసేస్తారు. పుల్లగా ఉన్నా, ఆలస్యంగా పండినా, ముందే రాలినా, తెగులు అంటినా తీసేస్తారు. వరస పొడవునా నడుస్తూ ఒక్కొక్క చెట్టు కాయ కొరికి, నచ్చకపోతే ఉమ్మేసి, మొదలు మీద గుర్తు పెట్టి ముందుకు పోవడం ఆ రోజుల్లో సెప్టెంబరు నెల పని. నిలిచిన ఏ ఒక్కదానికో అంటు కట్టి, ఆ అంట్లను ఇతర క్షేత్రాలకూ, ఆసక్తి ఉన్న రైతులకూ పంపి, ఇంకా కొన్ని శీతకాలాలు చూస్తారు. ఇదంతా గడిచి పేరు పెట్టుకునేసరికి గింజ నాటినవాళ్లు ఉద్యోగం నుంచి విరమించే వయసుకు వస్తారు. 1955లో గుడ్‌ల్యాండ్ బయటికి వచ్చిందంటే దాని వెనక ఉన్న ఓపిక ఇంతది.

మంచి చెట్టు దొరికినంత మాత్రాన సరిపోదు, దాన్ని సరైన వేరు మీద నిలపాలి. గింజ నాటితే గుడ్‌ల్యాండ్ రాదు కనుక దీన్ని అంటు కట్టే పెంచుతారు. వాణిజ్య తోటల్లో వాడే పొట్టి వేరుమూలాల వేళ్లు నేల లోపలి చలి మైనస్ 10 దాటితే చాలు, దెబ్బతింటాయి. పైన కొమ్మ ఎంత గట్టిదైనా కింద వేరు చస్తే చెట్టు పోయినట్టే. అందుకే ప్రెయిరీలో సైబీరియా ఆపిల్ గింజల నుంచి వచ్చిన వేరుమూలాలనే ఎక్కువగా నమ్ముకున్నారు. కాయకు పనికిరాదనుకున్న ఆ అడవి చెట్టు వేరుకు సరిగ్గా పనికొచ్చింది. పొట్టి చెట్లు కావాలనుకునేవాళ్ల కోసం ఒట్టావాలో రాబిన్ అనే అడవి ఆపిల్‌ను ఎమ్-9 అనే పొట్టి వేరుమూలంతో కలిపి ఒట్టావా-3 అనే వేరుమూలాన్ని తయారుచేశారు.

నాటే చోటు ఎంపిక కూడా కీలకమే. చల్లగాలి బరువైనది, పల్లంలోకి జారి నిలుస్తుంది. అందుకే గుంట నేల పనికిరాదు, కొద్దిపాటి వాలు కావాలి. వాలు దక్షిణ దిక్కుకు కాకుండా ఉత్తరానికో తూర్పుకో ఉంటే మంచిది, వసంతంలో చెట్టు తొందరపడి మొగ్గ విప్పదు. గాలికి అడ్డుగా చెట్ల కంచె తప్పనిసరి. ఇండియన్ హెడ్‌లోని ప్రభుత్వ నర్సరీ 1901 నుంచి 2013 దాకా ఇలాంటి కంచెల కోసం రైతులకు 60 కోట్లకు పైగా మొక్కలు పంచింది. ప్రెయిరీ పొలాల చుట్టూ కనబడే కారగానా పొదలు, మానిటోబా మేపుల్ చెట్లు చాలావరకు అక్కడివే. కంచె గాలిని ఆపడమే కాదు, శీతకాలంలో తన పక్కన మంచును గుట్టలుగా పోగేస్తుంది. ఆ మంచు వేళ్లకు దుప్పటి, వసంతంలో కరిగితే తడి.

చెట్టుకు ఎరువు, నీరు ఎప్పుడు పెట్టాలన్నదాని కన్నా ఎప్పుడు ఆపాలన్నది అక్కడ ముఖ్యం. జులై దాటాక నత్రజని వేస్తే కొమ్మ ఎదుగుతూనే ఉండి, ముదరక ముందే చలికి చిక్కుతుంది. ఆగస్టు నడుమ నుంచి నీళ్లు తగ్గిస్తారు. ఆకు రాలాక, నేల గడ్డకట్టబోయే ముందు మాత్రం ఒకసారి నిండా తడుపుతారు. శీతకాలపు పొడిగాలి కొమ్మల్లోంచి తేమను లాగేస్తూ ఉంటే, గడ్డకట్టిన నేల నుంచి వేరు నీరు తెచ్చుకోలేదు కదా. మొదలుకు తెల్ల సున్నమో తెల్లని చుట్టో వేస్తారు, నైరుతి ఎండ దెబ్బ తగలకుండా. ఆ చుట్టు కుందేళ్ల నుంచి, మంచు కింద సొరంగాలు చేసుకుని బెరడు కొరికే చిట్టెలుకల నుంచి కూడా కాపాడుతుంది. కొమ్మల కత్తిరింపు పెద్ద చలి పోయాక, మార్చి చివర, ఏప్రిల్లో చేస్తారు. గుడ్‌ల్యాండ్ బాగా కాపు పట్టినప్పుడు గుత్తికి ఒకటి రెండు పిందెలు ఉంచి మిగతావి గిల్లేస్తే కాయ పెద్దదవుతుంది, మరుసటి ఏడు కాపు ఎగ్గొట్టదు. తెగుళ్లలో భయపడాల్సింది ఫైర్ బ్లైట్ అనే బాక్టీరియా తెగులుకు. వడగళ్లు పడి గాయమైన కొమ్మల్లోంచి అది దూరుతుంది. చిగుళ్లు మాడినట్టు నల్లబడి కొంకిలా వంగితే, ఆ నలుపుకు జానెడు దిగువన ఆరోగ్యంగా ఉన్న చోట కోసి కాల్చేయాలి. కోసిన ప్రతిసారీ కత్తెరను శుభ్రం చేయాలి.

పుప్పొడి విషయంలో మాత్రం ప్రెయిరీ పట్టణాలు అదృష్టం చేసుకున్నవే. వీధుల్లో అందం కోసం పెంచే గులాబీరంగు పూల అడవి ఆపిళ్లు దాదాపు ప్రతి పేటలో ఉంటాయి. తేనెటీగలు వాటి పుప్పొడినే పెరటి గుడ్‌ల్యాండ్‌కు మోసుకొస్తాయి. దూరంగా ఒంటరి పొలంలో నాటుకునేవాళ్లు మాత్రం ఇంకో రకం చెట్టు పక్కన పెట్టుకోవాలి.

సెప్టెంబరు మొదటి రెండు వారాల్లో గుడ్‌ల్యాండ్ కోతకు వస్తుంది. ఎరుపును చూసి కోయడం పొరపాటు. ఎరుపు కింద ఉన్న నేపథ్యపు ఆకుపచ్చ మీగడ రంగుకు తిరగాలి. ఒక కాయ కోసి గింజలు చూడాలి, తెల్లగా ఉంటే ఆగాలి, గోధుమరంగుకు వస్తే కోయొచ్చు. కాయను పైకెత్తి కొద్దిగా తిప్పితే తొడిమతో సహా ఊడి రావాలి. ఈ రోజుల్లోనే తొలి మంచు పడుతుంది. కాయలో చక్కెర ఉండడం వల్ల కొద్దిపాటి చలికి అది గడ్డకట్టదు. గడ్డకట్టిందని అనుమానం వస్తే చెట్టు మీదే కరిగేదాకా ముట్టుకోరు, గడ్డకట్టిన కాయను పట్టుకుంటే వేలి గుర్తు పడ్డ ప్రతి చోటా కమిలిపోతుంది. నేలమాళిగలో సున్నాకు కాస్త పైన ఉంచితే గుడ్‌ల్యాండ్ క్రిస్మస్ దాటి నిలుస్తుంది. ముందు వచ్చిన ప్రెయిరీ రకాలు చాలావరకు రెండు మూడు వారాల్లో పిండిగా మారిపోయేవి. వాటితో పోల్చుకుంటేనే ఈ నిల్వ ఎంత పెద్ద మెట్టో అర్థమవుతుంది. నేరుగా తినడానికి బాగుంటుంది, ఉడికించి గుజ్జు చేస్తే ఇంకా బాగుంటుంది. పై అనే పిండివంటకూ వాడతారు. మామిడికాయ దొరకని చోట ప్రవాస తెలుగిళ్లలో పుల్లని ఆపిల్‌తో పచ్చడి, పులిహోర చేసుకోవడం మామూలే. తోట ఉన్నవాళ్లకు ఆగస్టులో రాలే పచ్చి కాయలు ఆ పనికి వస్తాయి.

గుడ్‌ల్యాండ్ తర్వాత పని ఆగలేదు. సస్కాచివాన్‌లోని స్కాట్ క్షేత్రం 1930ల్లో ఇచ్చిన రెస్క్యూ అనే గట్టి చెట్టును, ఒట్టావాలో పుట్టిన మెల్బా అనే రుచిగల రకంతో కలపగా నార్లాండ్, పార్క్‌లాండ్ వచ్చాయి. 1970ల చివర విడుదలైన ఈ రెండూ రెండో మండలపు చలికీ ఆగుతాయి, ఆగస్టులోనే పండుతాయి. నిల్వలో, పండు పరిమాణంలో గుడ్‌ల్యాండ్‌దే పైచేయి. ఆల్బర్టా ఉత్తరాన బీవర్‌లాడ్జ్ క్షేత్రం నుంచి హారల్‌సన్ అనే ఆపిల్, రెస్క్యూల సంతతిగా నార్కెంట్ వచ్చింది. సస్కాటూన్‌లోని విశ్వవిద్యాలయం ఆపిల్‌తో పాటు పుల్ల చెర్రీ మీద కూడా పనిచేసి, చలికి ఓర్చే పొట్టి చెర్రీ రకాలు ఇచ్చింది. గుడ్‌ల్యాండ్‌కు అమ్మమ్మ అయిన డచెస్ ఆఫ్ ఓల్డెన్‌బర్గ్ ఇంకో వైపు కూడా వంశం పెంచుకుంది. మిన్నెసోటా విశ్వవిద్యాలయం 1991లో విడుదల చేసి, ప్రపంచమంతా అమ్ముడవుతున్న హనీక్రిస్ప్ వంశవృక్షాన్ని డీఎన్ఏ పరీక్షలతో తేల్చినప్పుడు, రికార్డులో రాసుకున్న తల్లిదండ్రులు తప్పని తేలింది. అసలు పూర్వీకుల్లో ఈ డచెస్ ఉంది. అంటే గుడ్‌ల్యాండ్, హనీక్రిస్ప్ దూరపు చుట్టాలు.

పేరుప్రఖ్యాతుల్లో మాత్రం హనీక్రిస్ప్‌కు, గుడ్‌ల్యాండ్‌కు పోలికే లేదు. కెనడా మార్కెట్లలో అమ్మే ఆపిళ్లు బ్రిటిష్ కొలంబియాలోని ఒకనాగన్ లోయ నుంచి, ఒంటారియో, క్విబెక్, నోవా స్కోషియాల నుంచి వస్తాయి. ప్రెయిరీలో ఒక చెడ్డ శీతకాలం మొత్తం తోటను దెబ్బతీసే ప్రమాదం ఉన్నప్పుడు పెద్ద పెట్టుబడి పెట్టేవాళ్లు రారు. గుడ్‌ల్యాండ్‌ను లాభం లెక్కవేసి తయారుచేయలేదు. కూరగాయల మడి, పాడి ఆవు ఉన్న రైతింటికి సొంత పండు కూడా ఉండాలన్న ఉద్దేశంతో ప్రజల డబ్బుతో చేసిన పని అది. ఆ ఉద్దేశం నెరవేరింది. విన్నిపెగ్, రెజైనా, సస్కాటూన్, ఎడ్మంటన్, కాల్గరీ పట్టణాల పెరళ్లలో, మనుషులు వదిలి వెళ్లిన పాత పొలాల ఇళ్ల దగ్గర ఈ చెట్లు ఇంకా కాస్తున్నాయి. నర్సరీలు ఇప్పటికీ అంట్లు అమ్ముతున్నాయి. మోర్డెన్ పట్టణం ఏటా ఆగస్టులో మొక్కజొన్న, ఆపిల్ పేరున ఉత్సవం చేసుకుంటుంది. కొన్ని నగరాల్లో స్వచ్ఛంద బృందాలు ఇంటివాళ్లు కోసుకోలేని చెట్ల దగ్గరికి వెళ్లి కాయ కోసి, ఒక వాటా ఇంటివాళ్లకు, ఒక వాటా కోసినవాళ్లకు ఇచ్చి, మిగతాది ఆహారం అవసరమైనవాళ్లకు పంచే సంస్థలకు చేరుస్తున్నాయి.